దూరం కాదు, దరి చేర్చడమే కష్టం

జలాంతర్గామి కుర్సుర 31 ఏళ్ళ నౌకాదళ సర్వీసులో తిరిగిన దూరం 73,500 నాటికల్ మైళ్ళు. కిలోమీటర్లలో దాదాపు లక్షా ముప్ఫై ఆరు వేలు. అంటే భూమిని మూడుసార్లు చుట్టొచ్చి నాలుగోసారికి బయల్దేరినంత. 1969 డిసెంబర్ 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో గస్తీ కాసింది, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. తర్వాత విశాఖ రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టాలని నిర్ణయించారు. ఒడ్డున దాని కొత్త ఇంటికి చేర్చడానికి లాగాల్సిన చివరి దూరం 600 మీటర్లు. ఆ పనితో సహా సందర్శకులకు తెరిచేసరికి 18 నెలలు పట్టింది, సుమారు 5.5 కోట్ల రూపాయలు ఖర్చయింది. ఖర్చంతా ఆ 600 మీటర్ల మీదే వేసి చూస్తే మీటరుకి 91 వేల పైమాటే.

ఈ లెక్కతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. హైదరాబాద్ శివార్లలో మైలార్‌దేవ్‌పల్లి నుంచి శంషాబాద్ దాకా, అటు హిమాయత్‌సాగర్ చుట్టూ, ‘లేక్ వ్యూ’ అని బోర్డు పెట్టని వెంచర్ తక్కువ. నీళ్ళ పక్కన ఇల్లు కొనాలనుకునేవాళ్ళలో కొందరికి పడవ మీద కూడా ఆశ ఉంటుంది. కాకినాడలోనో కొచ్చిలోనో కొని లారీలో తెప్పించుకుంటే సరిపోతుందనుకుంటారు. వాళ్ళ భయమంతా దూరం గురించే. నిజానికి దూరం ఇందులో తేలిక భాగం.

దూరం లెక్క చూద్దాం. విశాఖ నుంచి హైదరాబాద్‌కి సుమారు 630 కిలోమీటర్లు. బరువు బండి సగటున గంటకి 40 చొప్పున నడిచినా పదహారు గంటలు. లీటరుకి 5 కిలోమీటర్లు ఇస్తే 126 లీటర్ల డీజిల్, లీటరు 95 రూపాయలు వేసుకుంటే సుమారు 12 వేలు. ఒక రాత్రి మధ్యలో ఆగినా రెండో రోజుకి పడవ ఆరాంఘర్ చౌరస్తాలో ఉంటుంది. కాటేదాన్ చుట్టుపక్కల డీసీఎం లారీ డ్రైవర్లు రోజూ చేసే ప్రయాణమే ఇది.

పడవ డీసీఎంలో పడుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. 17 అడుగుల బాడీ అంటే లోపల 5.2 మీటర్లు. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ తెరచాప పడవ పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. పెద్దవాళ్ళు ఒక్కరే నడిపే లేజర్ 4.2 మీటర్లు, ఉత్త పడవ 59 కిలోలు. ఇవి హాయిగా పడతాయి. దించడానికి క్రేన్ అక్కర్లేదు, నలుగురు మనుషులు చాలు. కోస్తాలో చేపలవేటకి వాడే 28 అడుగుల ఫైబర్ బోటు మాత్రం ఎనిమిదిన్నర మీటర్లు. దానికి డీసీఎం చాలదు, పొడుగు ట్రైలర్ కావాలి.

అక్కడి నుంచి చట్టం లెక్కలు మొదలవుతాయి. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. ట్రైలర్‌తో కలిపి మొత్తం పొడవు 18.75 మీటర్లు మించకూడదు. సరుకు పక్కకి గానీ, ముందుకి వెనక్కి గానీ, పైకి గానీ హద్దు దాటి పొడుచుకొస్తే 2019 సవరణ తర్వాత జరిమానా 20 వేలు. అధిక బరువుకైతే 20 వేలు, పైన టన్నుకి 2 వేల చొప్పున అదనం. ఫైబర్ వేటబోటుకి వెడల్పుతో పేచీ రాదు. 30 అడుగులు దాటిన విహార పడవలే చాలావరకు మూడు మీటర్లకి అటూ ఇటూ ఉంటాయి. వాటికి ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకుని, అధికారులు చెప్పిన దారిలోనే, చెప్పిన వేళల్లోనే నడపాలి.

ఎత్తు దగ్గర జనం ఎక్కువగా దెబ్బతింటారు. 2022 నవంబర్‌లో పాత ఎయిర్‌బస్ ఏ320 విమానాన్ని హోటల్‌గా మార్చడానికి కొచ్చి నుంచి హైదరాబాద్ తెస్తుంటే, బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర కొరిశపాడు అండర్‌పాస్‌లో ఇరుక్కుంది. వందల కిలోమీటర్లు నిశ్చింతగా వచ్చిన సరుకుని ఒక్క వంతెన ఆపేసింది. కొత్తగా కట్టే జాతీయ రహదారి అండర్‌పాస్‌లకి 5.5 మీటర్ల ఎత్తు వదులుతారు. రోడ్డుకి అడ్డంగా వెళ్ళే 11 కేవీ లైను కనీసం 6.1 మీటర్ల ఎత్తులో, ఇళ్ళకిచ్చే మామూలు కరెంటు తీగ 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలి. నిబంధన అది. కాలనీ లోపలికి వెళ్ళాక కేబుల్ టీవీ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు ఏ నిబంధనా లేనట్టు వేలాడతాయి. పడవ అడుగు నుంచి పైకప్పు దాకా 2.4 మీటర్లు, లారీ బల్ల నేల నుంచి 1.4 మీటర్లు అనుకుంటే మొత్తం 3.8. హైవే మీద దిగుల్లేదు, ఇంటి ముందు సందులోనే కర్ర పట్టుకుని ఒక మనిషి ముందు నడవాలి.

మైలార్‌దేవ్‌పల్లి వైపు వచ్చే బండికి ఇంకో సంగతి గుర్తుండాలి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లారీలకి కాదు. విజయవాడ దారిలో వచ్చే పడవకి 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డే దారి. శంషాబాద్ దగ్గర దిగి 44వ నంబరు జాతీయ రహదారి మీద గగన్‌పహాడ్ మీదుగా రావాలి.

కారు వెనక ట్రైలర్ తగిలించుకుని పడవని లాక్కెళ్ళడం మన దగ్గర అరుదు. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, దాన్ని నిలపడానికి చోటు కావాలి. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళకి మాత్రం ఇది మామూలే. డాలస్‌లో ఇల్లు అమ్మి సరస్సు పక్కన ఇంకో ఊళ్ళో కొనుక్కున్న కుటుంబం పికప్ ట్రక్కుకి పడవ తగిలించుకుని రెండు మూడు రాష్ట్రాలు దాటుతుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో అనుమతి లేకుండా వెళ్ళగలిగే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, అంటే మన 2.6 మీటర్లే. రాష్ట్రం మారితే లెక్క మారుతుంది. ట్రైలర్ స్థూల బరువు 4,500 పౌండ్లు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండాలని టెక్సస్ అంటుంది, కాలిఫోర్నియా 1,500 పౌండ్లకే అంటుంది. ట్రైలర్ లాగే బండి కాలిఫోర్నియాలో గంటకి 55 మైళ్ళు దాటకూడదు.

చట్టం ఏదైనా భౌతికశాస్త్రం అందరికీ ఒక్కటే. పడవ, ట్రైలర్ కలిసి 1,500 కిలోలు అనుకోండి. అందులో ఏడు నుంచి పది శాతం, అంటే 105 నుంచి 150 కిలోలు, కారు వెనక హుక్కు మీద పడాలి. అంతకంటే తగ్గితే బరువు వెనక్కి జారి వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, అప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే కారుని కూడా తిప్పేస్తుంది. గంటకి 60 బదులు 80లో వెళ్తే బ్రేకులు మింగాల్సిన శక్తి 1.78 రెట్లు. బరువు మారలేదు, వేగం మూడో వంతు పెరిగింది, అంతే.

పడవ అడుగుభాగం సంగతి చాలామంది పట్టించుకోరు. నీళ్ళలో ఉన్నప్పుడు అడుగంతా సమానంగా ఆనుతుంది. ట్రైలర్ మీద నాలుగైదు చోట్లే ఆనుతుంది. పరుపు మీద పడుకున్న మనిషిని రెండు కర్రల మీద పడుకోబెట్టినట్టు. 600 కిలోమీటర్ల గతుకుల్లో ప్రతి కుదుపూ ఆ నాలుగైదు చోట్లే తగులుతుంది. ఫైబర్‌లో జుట్టంత పగులు వచ్చినా ఒడ్డున కనబడదు. నీళ్ళలో దిగిన మర్నాడు అడుగున తడి కనబడ్డప్పుడే తెలుస్తుంది. ఆనే చోట మెత్తటి దిమ్మెలు వెడల్పుగా వేయించి, బెల్టులు పడవ అంచులు నలగకుండా గుడ్డ చుట్టి కట్టి, మొదటి యాభై కిలోమీటర్ల దగ్గర ఒకసారి ఆగి బెల్టులు బిగించి, చక్రాల బేరింగు దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి ఆనలేనంత వేడెక్కిందంటే గ్రీజు పోయినట్టు. ప్రయాణం అయ్యాక ఆ వేడి చక్రాలనే నేరుగా నీళ్ళలోకి దింపితే, చల్లబడేటప్పుడు బేరింగు లోపలికి నీరు పీల్చుకుంటుంది. అరగంట ఆగడం ఒక కొత్త బేరింగు కంటే చవక.

ఇక దరి దగ్గరికి వద్దాం. నాకు చెప్పాలనిపించిన అసలు సంగతి ఇక్కడుంది.

కుర్సుర పొడవు 91.3 మీటర్లు, నీటిపైన తేలేటప్పుడు స్థానభ్రంశం 1,950 టన్నులు. టార్పెడోలు, ఇంధనం తీసేస్తే కొంత తగ్గుతుందనుకున్నా, తేలినంతసేపు దాన్ని లాగడం పెద్ద కష్టం కాదు. నిదానంగా వెళ్తే నీటి నిరోధం తక్కువ, టగ్గు బోటు సులువుగా లాగేస్తుంది. కానీ అది తేలాలంటే అడుగున ఆరు మీటర్ల లోతు కావాలి. తీరం 50 మీటర్లకి ఒక మీటరు చొప్పున వాలు ఉందనుకుంటే ఆరు మీటర్ల లోతు ఒడ్డుకి 300 మీటర్ల అవతల ఉంటుంది. విశాఖలో పెద్ద పోటుకి నీరు పెరిగేది సుమారు ఒకటిన్నర మీటరు. అదే వాలులో ఆ పోటు పడవని 75 మీటర్లు ముందుకి తెస్తుంది. మిగిలినదంతా ఇసుక. తేలడం ఆగాక నీరు తగ్గేకొద్దీ బరువు నేల మీదికి మారుతుంది, పూర్తిగా ఒడ్డెక్కాక 1,950 టన్నులూ నేల మీదే. ఇసుక మీద రాపిడి బరువులో నలభై శాతం అనుకుంటే దాన్ని కదిలించడానికి 780 టన్నుల లాగుడు కావాలి. 600 మీటర్లని 18 నెలలకి పంచితే రోజుకి ఒక మీటరుకి కాస్త పైన. 2002 ఆగస్టు 9న నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని ప్రారంభించారు, ఆ నెల 24 నుంచి జనాన్ని లోపలికి అనుమతించారు. ఇవాళ దాని కడుపులోకి వెళ్ళి ఇరుకు బంకులు చూసి ఆశ్చర్యపోయే పిల్లలకి, అది అక్కడికి ఎలా చేరిందో కూడా చెప్పాలి.

హైదరాబాద్‌కి ఇలాంటి పాఠమే ఉంది, చాలా ఖరీదైన పాఠం. హుస్సేన్‌సాగర్ బుద్ధవిగ్రహం ఎత్తు 18 మీటర్లు, బరువు సుమారు 350 టన్నులు. ఎన్.టి.రామారావు సంకల్పం, గణపతి స్థపతి శిల్పం, భువనగిరి దగ్గర రాయగిరి రాయి. అక్కడి నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం 192 చక్రాల ట్రైలర్ మీద వచ్చింది. చక్రానికి 1.8 టన్నులు. వరసకి ఎనిమిది టైర్లు వేసుకుంటే 24 వరసలు, వరసకి పద్నాలుగున్నర టన్నులు. అంత బరువూ రోడ్డు మీద క్షేమంగా వచ్చింది. 1990 మార్చి 10న బార్జి మీదికెక్కించి చెరువు మధ్యలోని వేదిక దగ్గరికి తీసుకెళ్తుంటే ఒడ్డుకి కొద్ది దూరంలోనే ఒరిగిపోయింది. కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విగ్రహం నీటి అడుగునే ఉండిపోయింది. మళ్ళీ లేచి 1992 డిసెంబర్ 1న వేదికెక్కేసరికి దాదాపు రెండేళ్ళ తొమ్మిది నెలలు గడిచాయి.

నేల మీద నుంచి నీళ్ళ మీదికి బరువు మారే క్షణం ఎంత సున్నితమో ఒక లెక్క చెబుతుంది. 30 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న బార్జి అనుకుందాం. 350 టన్నులు ఎక్కితే అది దాదాపు ఒక మీటరు కిందికి దిగుతుంది. బరువు సరిగ్గా మధ్యలో కాకుండా ఒక్క మీటరు పక్కకి పడితే ఒరిగించే భ్రామకం 350 టన్ను-మీటర్లు. రోడ్డు మీద మీటరు తేడా వస్తే టైర్లు మోస్తాయి, నీరు మొయ్యదు. చిన్న పడవకీ సూత్రం ఇదే, అంకెలే చిన్నవి. రెండు టన్నుల పడవని నూటికి పన్నెండు వాలున్న ర్యాంపు మీద దింపుతుంటే తాడు మీద పడే లాగుడు 240 కిలోలు. పాచి పట్టిన ర్యాంపు మీద కారు టైరు జారిందంటే పడవతోబాటు కారూ నీళ్ళలోకే.

మళ్ళీ మన ‘లేక్ వ్యూ’ ఇంటికి వద్దాం. హిమాయత్‌సాగర్ 1927లో కట్టిన తాగునీటి జలాశయం. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో దీనికీ దీని జంట జలాశయానికీ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. 2022లో వాటిని సడలిస్తూ 69 జీవో వచ్చింది. అయినా తాగేనీళ్ళలో మన సొంత మోటారు పడవ తిప్పుకునే హక్కు ఆ సడలింపులో లేదు. ఉండకూడదు కూడా. ఏ చెరువు దగ్గరైనా, పది హెక్టార్లు దాటితే పూర్తిస్థాయి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. అంటే పెద్ద చెరువు పక్కన చట్టబద్ధమైన ఇంటి గేటు నుంచి చెరువు నిండుగా ఉన్న రోజున కూడా పడవని కనీసం 30 మీటర్లు మొయ్యాలి. వేసవిలో నీరు మూడు మీటర్లు దిగిందనుకోండి. నూటికి రెండు వాలున్న చెరువు గర్భంలో అది 150 మీటర్ల బురద. ఆ బురదలోకి ట్రైలర్ దిగదు, దిగితే ఎక్కదు.

పెద్ద ప్రాజెక్టుల ఒడ్డున ఈ లెక్క ఇంకా పెద్దది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. తేడా 80 అడుగులు, 24 మీటర్ల పైమాట. 50 మీటర్లకి ఒక మీటరు వాలున్న ఒడ్డున నీటి అంచు కిలోమీటరుకి పైగా వెనక్కి పోతుంది. సెప్టెంబర్‌లో చూసి కొన్న ఇంటి ముందు మేలో నీళ్ళుండవు. ఇల్లు కొనేవాళ్ళు మే నెలలో ఒకసారి వెళ్ళి చూడాలి, వీలైతే కరువొచ్చిన ఏడాది నీరు ఎక్కడిదాకా పోయిందో చుట్టుపక్కల జాలర్లని అడగాలి.

ఆ జాలర్ల దగ్గర దీనికి పాత జవాబు ఉంది. కృష్ణ వెనక జలాల్లో వేటాడేవాళ్ళు ఒడ్డుతోబాటే గుడిసె మారుస్తారు. వాళ్ళ పుట్టిని ఒక మనిషి బోర్లించి తలకెత్తుకుని నడిచిపోగలడు. పూర్వం వెదురు అల్లి తోలు కప్పేవాళ్ళు, తర్వాత ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి, ఇప్పుడు ఫైబర్‌వీ ఉన్నాయి. దానికి అరడుగు నీళ్ళు చాలు, ర్యాంపు అక్కర్లేదు. ఎన్ని టన్నుల పడవ కొనాలన్నది ఒడ్డుని బట్టి తేల్చుకున్నవాళ్ళు వాళ్ళు. మనం షోరూమ్‌ని బట్టి తేల్చుకుంటున్నాం.

కాగితాల పని గురించి రెండు ముక్కలు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. యంత్రం ఉన్న పడవకి రిజిస్ట్రేషన్ తప్పదు, కానీ ఒక రాష్ట్రంలో తీసుకున్న సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. రాష్ట్రం దాటి పడవ కొనేవాళ్ళకి ఇది పెద్ద ఊరట. రెండోది ఏ కాగితంలోనూ ఉండదు. పాత చెరువులో నుంచి తీసిన పడవని కొత్త చెరువులో దింపే ముందు కడిగి, అడుగున నిలిచిన నీరు పారబోసి, ఎండబెట్టాలి. గుర్రపుడెక్క ముక్క ఒకటి అంటుకుని వచ్చినా చాలు, అనుకూలమైన నీటిలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఆ లెక్కన పది మొక్కలు ఆరు నెలల్లో ఎనభై వేలు దాటతాయి. టెక్సస్‌లోని టెక్సోమా సరస్సులో 2009లో జీబ్రా ఆలిచిప్పలు కనబడ్డాక, నీరు పారబోయకుండా పడవని సరస్సు దాటించడమే అక్కడ నేరమైంది. మన చెరువులకి అలాంటి నిబంధన కావాలి.

మైలార్‌దేవ్‌పల్లిలో ఉన్నవాళ్ళకి పడవ అంటే విహారం ఒక్కటే గుర్తుకు రాదు. 2020 అక్టోబర్ 13న హైదరాబాద్‌లో ఒక్కరోజులో సుమారు 19 సెంటీమీటర్ల వాన పడింది. పల్లెచెరువు తెగి అలీనగర్ మునిగింది, ఒకే కుటుంబంలో పలువురు కొట్టుకుపోయారు. గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి జాతీయ రహదారినే కోసేసింది. అంటే పడవలు రావాల్సిన రోడ్డే నీళ్ళలో పోయింది. ఆ రాత్రి ఎన్ని కిలోమీటర్ల అవతల ఎన్ని మంచి పడవలున్నా ఏం లాభం? హైవే దాకా వచ్చిన పడవ కూడా అక్కడి నుంచి పదడుగుల సందుల్లో, మెట్ల మీదుగా, ఆపి ఉన్న బండ్ల మధ్య నుంచి చివరి కొన్ని వందల మీటర్లు చేరాలి. ట్రైలర్ మీద వచ్చే టన్ను పడవ ఆ సందులో తిరగదు. గాలి నింపే రబ్బరు పడవలు, నలుగురు భుజాల మీద మోసుకుపోగలిగే వంద కిలోల లోపువి, చెరువు దిగువ బస్తీల్లోనే ఉండాలి. ఫైర్ స్టేషన్‌లోనో వార్డు ఆఫీసులోనో, వానాకాలం మొదలయ్యేలోపు గాలి నింపి పరీక్షించి, తాళంచెవి ఎవరి దగ్గరుందో బస్తీలో పదిమందికి తెలిసేలా పెట్టాలి. పల్లెచెరువు కింద, అప్పచెరువు కింద అలాంటివి ఎన్ని ఉన్నాయని ఈ జూన్‌లోపు కార్పొరేషన్‌ని అడగాల్సింది ఇక్కడ ఇళ్ళు కట్టుకుని ఉంటున్న మనమే.